ముగింపు ఎవరిది? – రాజ్‌కపూర్ చిత్రాలు, అభ్యుదయ రచయితలు

రాజ్‌కపూర్‌ను గురించి రెండు రకాల రాతలు చదువుతూ వచ్చాను. ఒక రకం వారికి అతను పేదవాడి ప్రతినిధి, చిరిగిన బూట్లతో తెరమీదికొచ్చిన సామాన్యుడు. రెండో రకం వారికి అతను అభ్యుదయ భావాలను కొని, రంగులద్ది, అమ్ముకున్న వ్యాపారి. మొదటివారు 1955 దగ్గర ఆగిపోతారు, రెండవవారు 1973 దగ్గర మొదలుపెడతారు. ఇద్దరూ చూస్తున్నది తెరమీది మనిషినే. తెరవెనుక డబ్బు పెట్టిన మనిషికీ, ఆ డబ్బు తీసుకుని కథలూ పాటలూ రాసిన మనుషులకూ మధ్య నలభై ఏళ్లపాటు నడిచిన వ్యవహారం ఒకటుంది. సాహిత్య విద్యార్థికి ఆ చరిత్ర ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ రాసినవారిలో ముఖ్యులు అభ్యుదయోద్యమం నుంచి వెళ్లినవారే.

ఈ వ్యవహారాన్ని పరిశీలించడానికి నేను ఒక్క చిన్న కొలబద్ద తీసుకుంటున్నాను. అది కథ ముగింపు. కథలో వస్తువు ఏదైనా కావచ్చు, మధ్యలో ఎన్ని కన్నీళ్లయినా ఉండవచ్చు. చివరి పది నిమిషాల్లో రచయిత ఏ పక్షాన నిలబడ్డాడో తెలిసిపోతుంది. ఆ చివరి పది నిమిషాలు ఎవరి చేతిలో ఉన్నాయి? రచయిత చేతిలోనా, నిర్మాత చేతిలోనా, టికెట్టు కొన్నవాడి చేతిలోనా?

1936లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. 1943లో తెనాలిలో మన అరసం మొదటి మహాసభ జరిగింది. అదే ఏడు బొంబాయిలో ప్రజానాట్య సంఘం – ఇప్టా – పుట్టింది. ఆ మరుసటి ఏడు, 1944లో, పృథ్వీరాజ్ కపూర్ 'పృథ్వీ థియేటర్స్' పెట్టాడు. 'దీవార్', 'పఠాన్' వంటి నాటకాలతో ఊరూరా తిరిగి, విభజన రోజుల్లో హిందూ ముస్లిం సమైక్యతను రంగస్థలం మీద నిలబెట్టిన సంస్థ అది. 1924 డిసెంబరు 14న పెషావరులో పుట్టిన రాజ్‌కపూర్‌కు తండ్రి ఆస్తిగా ఇచ్చింది ఈ రంగస్థలాన్నే. స్టూడియోలో కేదార్ శర్మ దగ్గర క్లాప్ కొట్టే కుర్రాడిగా చేరి, 1947లో ఆయన చిత్రం 'నీల్ కమల్'లో కథానాయకుడయ్యాడు. 1948లో, ఇరవై నాలుగేళ్లు నిండకముందే, సొంతంగా 'ఆగ్' తీశాడు. దానికి రాసిన ఇందర్‌రాజ్ ఆనంద్ పృథ్వీ థియేటర్స్ నాటక రచయిత. తర్వాత రాజ్‌కపూర్ చిత్రాలకు సంగీతమిచ్చిన జంటలోని శంకర్, అదే సంస్థలో తబలా వాయించినవాడు. ఆ శంకర్ పెరిగింది హైదరాబాదులో. తెలుగు బాగా వచ్చినవాడు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

మొదటి నుంచీ రాజ్‌కపూర్ తెలివి మనుషుల్ని గుర్తించడంలో ఉంది. శైలేంద్ర విషయం చూడండి. రావల్పిండిలో పుట్టి మథురలో పెరిగిన దళిత కుటుంబీకుడు, బొంబాయి మాటుంగా రైల్వే వర్క్‌షాపులో కార్మికుడు, ఇప్టా సభల్లో కవిత్వం చదివే యువకుడు. పంజాబు తగలబడిపోవడం మీద అతను చదివిన గీతం విని రాజ్‌కపూర్ దాన్ని కొంటానన్నాడట. నా కవిత్వం అమ్మకానికి లేదని శైలేంద్ర చెప్పి పంపించాడట. కొంతకాలానికి భార్య గర్భవతి అయింది, ఇంట్లో డబ్బు లేదు. కవి తనంతట తానే ఆ నిర్మాత దగ్గరికి వెళ్లాడు. రూ. 500 తీసుకుని 'బర్‌సాత్' (1949) చిత్రానికి రెండు పాటలు రాశాడు. హిందీ చిత్రరంగంలో అందరూ చెప్పుకునే కథ ఇది.

ఈ కథను సాధారణంగా రాజ్‌కపూర్ గొప్పతనానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మరొకటి కనిపిస్తుంది. కవిని ఒప్పించింది నిర్మాత మాటకారితనం కాదు, ప్రసవానికి కావలసిన ఖర్చు. కార్మికుడు తన శ్రమను అమ్ముకోక తప్పని పరిస్థితి గురించి శైలేంద్ర సభల్లో పాడుతూనే ఉన్నాడు. ఆ పరిస్థితి అతని ఇంటికే వచ్చింది. అయితే తర్వాత జరిగింది కేవలం దోపిడీ అంటే అది సత్యదూరం. అతనూ, బస్సు కండక్టరుగా పనిచేసిన హస్రత్ జైపురీ కలిసి ఆర్.కె. చిత్రాలకు రాసిన పాటల్లో, సామాన్యుడి నోట పలికే హిందూస్తానీ మొట్టమొదటిసారి అంత ధీమాగా వినిపించింది. ఉర్దూ గజల్ ఘనత, సంస్కృత హిందీ బరువు రెండూ వదిలించుకున్న భాష అది. మన దగ్గర వ్యావహారిక భాష కోసం గిడుగు వారి కాలం నుంచీ జరిగిన పోరాటం తెలిసినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు.

'బర్‌సాత్' తెచ్చిన డబ్బుతో చెంబూరులో ఆర్.కె. స్టూడియో లేచింది. ఒక చేతిలో ఫిడేలు, మరో చేతిపై వాలిన స్త్రీ – ఆ చిత్రంలోని భంగిమే సంస్థ ముద్ర అయింది. ఆ చేతుల్లో కలం లేదని నేను ఎత్తిపొడవడం లేదు గానీ, లేని మాట నిజమే.

'ఆవారా' (1951) దగ్గర కాస్త నిలవాలి. కథ ఖ్వాజా అహ్మద్ అబ్బాస్‌ది. ఇప్టా స్థాపకుల్లో ఒకడు, 1946లో బెంగాల్ కరువు మీద 'ధర్తీ కే లాల్' తీసినవాడు. వి.పి. సాఠే కూడా కలిసి రాశాడు. అబ్బాస్ మొదట ఈ కథను మెహబూబ్ ఖాన్‌కు వినిపించాడు. కొడుకు పాత్రకు దిలీప్ కుమార్ కావాలని మెహబూబ్ అన్నాడు. తండ్రీ కొడుకులుగా నిజమైన తండ్రీ కొడుకులే నటించాలని అబ్బాస్ పట్టుబట్టి కథ వెనక్కి తెచ్చుకున్నాడు. అది రాజ్‌కపూర్‌కు చేరింది. పాత్రధారుల విషయంలో కథారచయిత ఒక పెద్ద నిర్మాతను కాదని లేచి రావడం – మన చిత్రరంగాల్లో ఇటువంటివి ఎన్ని ఉన్నాయో పాఠకులే చెప్పాలి.

ఇతివృత్తం తెలిసిందే. జడ్జి రఘునాథ్ దృష్టిలో మంచివాడి కొడుకు మంచివాడు, దొంగ కొడుకు దొంగ. ఆ నమ్మకంతో అతను శిక్షించిన జగ్గా పగబట్టి జడ్జి భార్యను ఎత్తుకుపోయి వదిలేస్తాడు. గర్భవతి అయిన ఆమెను జడ్జి అనుమానించి ఇంట్లోంచి గెంటేస్తాడు. ఉత్తరకాండ చదువుకున్న దేశానికి ఈ ఘట్టం వేరే వివరించనక్కరలేదు. కొడుకు మురికివాడలో పెరిగి, ఫీజు కట్టలేక బడి పోగొట్టుకుని, రొట్టె దొంగిలించి, జగ్గా చేతిలో దొంగగా తయారవుతాడు. చివర కోర్టు బోనులో నిలబడి, నేరం రక్తంలోంచి రాదు, మురికి కాలువల పక్కనుంచి వస్తుంది, నన్ను వదిలేసి అక్కడి పిల్లల సంగతి చూడండని వేడుకుంటాడు. 1951లో కోట్లాది నిరక్షరాస్యుల ముందు, పుట్టుక కాదు పరిసరాలే మనిషిని తయారుచేస్తాయన్న సూత్రాన్ని ఇంత సూటిగా పెట్టిన మరో చిత్రం నాకు తెలియదు.

కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి. పుట్టుకకు విలువ లేదని చెప్పే చిత్రంలో కథానాయకుడు జడ్జి కొడుకే ఎందుకయ్యాడు? పెద్దింటి రక్తం మురికివాడలో చెడిపోగలదని అబ్బాస్ రుజువు చేశాడు. జగ్గా కొడుకు మంచి పరిసరాల్లో జడ్జి కాగలడన్న రెండో సగం రుజువు తెరమీదికి రాలేదు. ప్రేక్షకుడి గుండె కరిగేది మురికివాడ పిల్లవాడి కోసమా, మురికివాడలో చిక్కుకున్న పెద్దింటి బిడ్డ కోసమా? కులం పునాదిగా ఉన్న సమాజంలో ఈ తేడా చిన్నది కాదు. అయినా ముగింపులో అబ్బాస్ లొంగలేదు. కొడుక్కి శిక్ష పడుతుంది. కన్నతండ్రి జడ్జి అయినా జైలు తప్పదు. రీటా ఎదురుచూస్తానంటుంది. పెళ్లి మంటపం లేదు.

1954 సెప్టెంబరులో మాస్కోలో జరిగిన భారతీయ చిత్రోత్సవానికి 'దో బీఘా జమీన్'తో పాటు 'ఆవారా' వెళ్లింది. రాజ్‌కపూర్, నర్గీస్, అబ్బాస్, బలరాజ్ సాహ్నీ, బిమల్ రాయ్ ప్రతినిధి వర్గంలో ఉన్నారు. సోవియట్ యూనియన్‌లో ఆ చిత్రానికి 6 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. యుద్ధంలో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల దేశం అది. తండ్రి కాదన్న కొడుకు కథ అక్కడ ఎలా తాకి ఉంటుందో ఊహించవచ్చు. దీన్ని రాజ్‌కపూర్ అందం మీదికో, కేవలం పాటల మీదికో నెట్టేసే విమర్శ నాకు తృప్తినివ్వదు.

నటుడిగా అతని మీద ఉన్న ప్రధాన ఆరోపణ చాప్లిన్ అనుకరణ. పొట్టి ప్యాంటు, వంకర నడక చూస్తే కాదనలేము. అయితే చాప్లిన్ దేశదిమ్మరికి తల్లీ తండ్రీ ఊరూ పేరూ ఉండవు. రాజ్‌కపూర్ దేశదిమ్మరికి తల్లి ఉంటుంది, పోగొట్టుకున్న తండ్రి ఉంటాడు, 'శ్రీ 420' (1955)లోనైతే అలహాబాదు బి.ఏ. పట్టా, నిజాయితీకి వచ్చిన పతకం కూడా ఉంటాయి. అవి తాకట్టు పెట్టుకోవడానికి తప్ప పనికి రావు. చదువుకుని ఉద్యోగం దొరకని మధ్యతరగతి కుర్రవాడు కార్మికుడి దుస్తులు తొడుక్కుంటే ఎలా ఉంటాడో ఆ పాత్ర అలా ఉంటుంది. బలరాజ్ సాహ్నీ 'దో బీఘా జమీన్'లో రిక్షా లాగితే మనకు ఊపిరాడదు. రాజ్‌కపూర్ పేవ్‌మెంటు మీద పడుకుంటే మనకు పాట వినబడుతుంది. ఇద్దరి మధ్య ఉన్న దూరం ఇదే. నేను మొదటివాడి పక్షం. కానీ రెండోవాడి వెంట జనం ఎందుకు నడిచారో అర్థం చేసుకోకుండా మొదటివాణ్ణి మాత్రమే పొగుడుతూ కూర్చుంటే మన విమర్శ మన గదిలోనే ఉండిపోతుంది.

'శ్రీ 420' కూడా అబ్బాస్ కథే. మోసానికి శిక్ష వేసే 420వ సెక్షన్ పేరది. (2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో మోసం 318వ సెక్షన్‌లోకి పోయింది. జనం నోట్లో తిట్టు మాత్రం ఇంకా 420గానే ఉంది.) వంద రూపాయలకే ఇల్లన్న ఆశ చూపించి పేదల సొమ్ము కాజేసే సేఠ్ సోనాచంద్, అతని చేతిలో పనిముట్టుగా మారిన రాజ్. ఈ ఇళ్ల పథకం కల్పన ఎంత ముందుచూపో, చిట్‌ఫండ్లు, స్థలాల కంపెనీలు ఎగ్గొట్టగా లబోదిబోమన్న మన జిల్లాల వారికి తెలుసు. ముగింపులో కథానాయకుడు జనం ముందు తప్పొప్పుకుని, పేదరికానికి మందు మోసంలో లేదు, కష్టంలో, దేశ ప్రగతిలో, ప్రజల ఐక్యతలో ఉందంటాడు. సేఠ్‌ను పోలీసులు పట్టుకుపోతారు. ఒక సేఠ్ పోతే మరో సేఠ్ వస్తాడన్న మాట చిత్రం అనదు. అది రెండవ పంచవర్ష ప్రణాళికకు సిద్ధమవుతున్న దేశం ఆశ. ఆ ఆశను నేను వెక్కిరించలేను. దాని హద్దును మాత్రం చూపగలను.

ఈ చిత్రంలోనే పేవ్‌మెంటు జనం రాత్రిపూట కలిసి పాడే పాట ఒకటి ఉంది. దాని పల్లవిలో తెలుగు మాటలు వినిపిస్తాయి. హైదరాబాదులో పెరిగిన శంకర్ ద్వారా వచ్చిన మాటలవి. బొంబాయి రోడ్ల మీద, మేడల కట్టుబడిలో పాలమూరు కూలీలు, బట్టల మిల్లుల్లో మన పద్మశాలీలు ఎంతమంది చెమటోడ్చారో చరిత్ర తెలిసినవారికి, ఆ పల్లవి అక్కడ ఉండటం వింతగా తోచదు. హిందీ మాత్రమే తెలిసిన ప్రేక్షకుడికి అర్థం తెలియకపోయినా, పేదల భాషగా అది చెవికెక్కింది.

తెలుగుకు మరో దారి కూడా ఉంది. ఆర్.కె. వారి 'ఆహ్' (1953) చిత్రాన్ని తెలుగులో 'ప్రేమలేఖలు'గా డబ్ చేసినప్పుడు పాటలు రాసింది ఆరుద్ర. హిందీ పెదవుల కదలికకు తెలుగు అక్షరాలు అతికించడం కవికి సంకెళ్లు వేసి పరుగెత్తమనడమే. ఆ పాటలు అనువాదపు వాసన లేకుండా తెలుగు ఇళ్లలో పెళ్లి పాటల్లా నిలిచాయి. అరసం కవి ఒకరు రాజ్‌కపూర్ నోట తెలుగు పలికించారన్నది మన సాహిత్య చరిత్రల్లో ఒక వాక్యానికైనా నోచుకోలేదు. డబ్బింగు సాహిత్యమంటే మనకు అంత చులకన! ఇక 'ఆహ్' క్షయరోగి కథ. మొదట విషాదాంతంగా అనుకున్నదాన్ని చివరికి సుఖాంతం చేశారు. నేను గుర్తించినంతలో, ఆర్.కె. సంస్థలో ముగింపు మీద బజారు చేయి పడిన తొలి సందర్భం ఇది.

అయినా ఆ దశాబ్దంలో నిర్మాతగా రాజ్‌కపూర్ చేసిన సాహసాలను విస్మరించరాదు. 'బూట్ పాలిష్' (1954)లో ఇద్దరు అనాథ పిల్లలే ప్రధాన పాత్రలు. 'జాగ్‌తే రహో' (1956)ను బెంగాలీ రంగస్థల దిగ్గజం శంభూ మిత్రాకు, అమిత్ మైత్రాకు అప్పగించాడు. సంగీతం సలిల్ చౌధురీ. దాహం తీర్చుకోవడానికి కలకత్తాలో ఒక పెద్ద భవనంలోకి దూరిన పల్లెటూరివాణ్ణి దొంగ అని తరుముతారు. అతను దాక్కున్న ప్రతి వాటాలోనూ పెద్దమనుషుల దొంగతనం బయటపడుతుంది. పాటల రాజు రాజ్‌కపూర్ దాదాపు చిత్రమంతా నోరు విప్పడు. చివర్లో మాత్రమే ప్రశ్నిస్తాడు. తెల్లవారాక నర్గీస్ అతని దోసిట్లో నీళ్లు పోస్తుంది. ఆర్.కె. చిత్రాల్లో ఆమె చివరి దర్శనం అదే. 1957లో కార్లోవీ వారీ ఉత్సవంలో దానికి అత్యున్నత బహుమతి వచ్చింది. ఇక్కడి బాక్సాఫీసు మాత్రం ముఖం తిప్పుకుంది. నా లెక్కలో అతని ఉత్తమ నటన, ఉత్తమ నిర్మాణం రెండూ ఇవే.

తర్వాత 'సంగం' (1964) నాటికి రంగులొచ్చాయి, యూరప్ అందాలొచ్చాయి. దాని గురించి నేను ఎక్కువ చెప్పదలచుకోలేదు.

ఇప్పుడు 'తీస్‌రీ కసమ్' (1966). ఈసారి నిర్మాత శైలేంద్రే. పాటలు అమ్ముకున్న కవి, తను సంపాదించిన డబ్బుతో, ఫణీశ్వర్‌నాథ్ రేణు కథను తెరకెక్కించాలనుకున్నాడు. బండి తోలే హీరామన్, నౌటంకీ నటి హీరాబాయి. దర్శకుడు బాసు భట్టాచార్య, ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా, మాటలు రేణువే. రాజ్‌కపూర్ ఒక్క రూపాయి పుచ్చుకుని నటించడానికి ఒప్పుకున్నాడని ఆనాటివారు చెబుతూ వచ్చారు. స్నేహంలో కల్తీ లేదు. కానీ చిత్రం ఏళ్ల తరబడి సాగింది, అప్పులు పెరిగాయి. కథ చివర హీరాబాయి రైలెక్కి వెళ్లిపోతుంది. ఇకమీద నౌటంకీ ఆడమనిషిని బండెక్కించుకోనని హీరామన్ మూడో ఒట్టు పెట్టుకుంటాడు. ఇద్దర్నీ కలిపితే చిత్రం ఆడుతుందని రాజ్‌కపూర్ సలహా ఇచ్చాడంటారు. శైలేంద్ర ఒప్పుకోలేదు. కథ రేణుది, ముగింపు రేణుదే కావాలన్నాడు.

చిత్రం ఆడలేదు. 1966 డిసెంబరు 14న, రాజ్‌కపూర్ పుట్టినరోజు నాడే, శైలేంద్ర చనిపోయాడు. నలభై మూడేళ్లు. తర్వాత ఆ చిత్రానికి ఆ ఏటి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. సలహా ఇచ్చినవాడు దుర్మార్గుడు కాడు. వ్యాపారం తెలిసిన స్నేహితుడు. బహుశా అతని లెక్క సరైనదే, ఇద్దర్నీ కలిపి ఉంటే అప్పు తీరేదేమో. కానీ అప్పుడు హీరాబాయి ఎవరు? బండివాడి ప్రేమతో మేళం జీవితం నుంచి బయటపడ్డ ఒక సినిమా కథానాయిక. ఇప్పుడున్న హీరాబాయి, తన బతుకు ఏమిటో తెలిసి, అమాయకుణ్ణి ఆ బతుకులోకి లాగకుండా వెళ్లిపోయిన మనిషి. ముగింపు మార్చడమంటే పాత్రను మార్చడమేనని శైలేంద్రకు తెలుసు.

నాలుగేళ్లకు అదే దెబ్బ నిర్మాతకూ తగిలింది. అబ్బాస్ రాసిన 'మేరా నామ్ జోకర్' (1970) నాలుగు గంటలు దాటిన నిడివితో, రెండు విరామాలతో వచ్చి ఘోరంగా దెబ్బతింది. ఇక్కడొక విచిత్రం ఉంది. అదే 1970లో అబ్బాస్ తన డాక్యుమెంటరీ కోసం సెన్సారు వ్యవస్థ మీద సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమేనని కోర్టు తీర్పు చెప్పినా, ఒక రచయిత ప్రభుత్వాన్ని బోనెక్కించిన ఘట్టంగా అది నిలిచింది. ప్రభుత్వంతో అంత పోరాడినవాడు మూడేళ్లకు 'బాబీ' (1973) రాశాడు. ఆ కథకూ అతను మొదట అనుకున్నది విషాదాంతమేననీ, 'జోకర్' అప్పుల్లో ఉన్న రాజ్‌కపూర్ ప్రేమికులను బతికించాడనీ అంటారు. ప్రభుత్వ కత్తెర మీద కోర్టుకెక్కవచ్చు, బజారు కత్తెర మీద ఎక్కడికెక్కాలి? చిత్రం విపరీతంగా ఆడింది. 1977 ఫిబ్రవరిలో జయప్రకాశ్ నారాయణ్, జగ్జీవన్‌రామ్ పాల్గొన్న ఢిల్లీ సభకు జనం పోకుండా ఆపడానికి దూరదర్శన్ ఆ సాయంత్రం 'బాబీ'ని ప్రసారం చేసింది. జనం సభకే వెళ్లారు.

అబ్బాస్ అమ్ముడుపోయాడా అని విద్యార్థులు అడుగుతుంటారు. నా జవాబు అతని రెండో ఖాతాలో ఉంది. ఇతరులకు రాసి సంపాదించినది 'నయా సంసార్' చిత్రాల్లో పెట్టాడు. బొంబాయిలో ఇల్లు దొరకని జంట మీద 'షహర్ ఔర్ సప్నా' (1963), నీటి కరువు మీద 'దో బూంద్ పానీ' (1971), 1980లో 'ది నక్సలైట్స్'. అవి శిల్పపరంగా చాలాచోట్ల బలహీనమైనవే. కానీ వాటి ముగింపులు అతనివి. రాజ్‌కపూర్‌కు రాసిన కథల్లో శిల్పం మెరుగు, ముగింపు అప్పు. ఈ లెక్క అందరు రచయితలకూ కుదరదు. శైలేంద్రకు కుదరలేదు.

చివరి దశలో 'ప్రేమ్ రోగ్' (1982) వితంతు పునర్వివాహాన్ని తీసుకుంది. కందుకూరి వారి నేలమీద ఇది నూరేళ్ల పాత మాటే అయినా ఠాకూర్ల హవేలీలో ఇంకా కొత్తదే. 'సత్యం శివం సుందరం' (1978), 'రామ్ తేరీ గంగా మైలీ' (1985)లలో మాత్రం స్త్రీ శరీరాన్ని కెమెరా చూసిన తీరుకు కథలోని నీతి ఏ సమర్థనా ఇవ్వలేదు. గంగ మలినమైందని వాపోతూనే ఆ గంగను గల్లాపెట్టె ముందు నిలబెట్టారు. 'జాగ్‌తే రహో' చివర నీళ్లు పోసిన స్త్రీ నుంచి ఇక్కడికి ముప్పై ఏళ్లు కూడా లేవు.

1988 మే 2న ఢిల్లీలో ఫాల్కే పురస్కారం అందుకునే సభలో రాజ్‌కపూర్‌కు ఊపిరాడలేదు. రాష్ట్రపతి వెంకట్రామన్ వేదిక దిగివచ్చి పురస్కారం అందించారు. నెల తిరిగేసరికి, జూన్ 2న చనిపోయాడు. అబ్బాస్ అంతకు ఏడాది ముందే, 1987 జూన్ 1న, పోయాడు. ఇద్దరూ కలిసి అనుకున్న చివరి కథ 'హెన్నా' – సరిహద్దుకు ఇవతలివాడు నదిలో కొట్టుకుపోయి అవతలి పల్లెలో తేలడం – రాజ్‌కపూర్ కొడుకు రణధీర్ దర్శకత్వంలో, పాకిస్తానీ రచయిత్రి హసీనా మొయిన్ మాటలతో, 1991లో విడుదలైంది. అందులో సరిహద్దు దగ్గర కథానాయిక చనిపోతుంది. చెంబూరు స్టూడియో 2017 సెప్టెంబరులో చాలావరకు కాలిపోయింది. 2019లో ఇళ్లు కట్టే కంపెనీ ఒకటి ఆ స్థలాన్ని కొన్నది.